ఆశ్రమంలో ‘ఏ గొడవా లేని మనిషి’: కొన్ని అపోహలు, వాస్తవాలు

కౌన్సెలింగ్ కోసం వృద్ధాశ్రమాలకు వెళ్తుంటాను. వెళ్ళగానే వార్డెన్‌ని అడిగే మొదటి మాట, "ఇక్కడ అస్సలు ఇబ్బంది పెట్టనివాళ్ళు ఎవరండీ?" అని. ఆయనకు నవ్వొస్తుంది. నేను ముందు కూర్చునేది మాత్రం వాళ్ళ మంచం పక్కనే.

అపోహ: గొడవ చేయట్లేదంటే సర్దుకుపోయినట్టే.

పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకునే మనిషి సర్దుకున్నట్టు కాదు. పెద్దవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనపడదు. "కాళ్ళు లాగుతున్నాయి", "అన్నం సయించట్లేదు", "మూడింటికే మెలకువ వచ్చేస్తోంది" అంటారు. మనసు బాగాలేదని చెప్పుకోవడం ఆ తరానికి నామోషీ. అందుకే పెద్దవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు పట్టుకోవడానికి 15 ప్రశ్నల జీడీఎస్ (జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్) పట్టిక వాడతాను. అన్నిటికీ అవును, కాదు అంటే చాలు. చదువు రానివాళ్ళకు చదివి వినిపించొచ్చు. స్కోరు 5 దాటితే డాక్టర్‌కు చూపించమంటాం. జబ్బు ఉందో లేదో తేల్చేది ఆయనే. అందులో ఒక ప్రశ్న, ఇదివరకటి పనులు చాలావరకు మానేశారా అని. ఒక పెద్దావిడ నన్నే ఎదురడిగింది: "మానేయడమేంటి నాయనా, ఇక్కడ చేయనిస్తే కదా?"

అపోహ: ముప్పై మంది మధ్య ఒంటరితనమేంటి?

హాల్లో టీవీ మోగుతుంటుంది, వరసగా కుర్చీల్లో కూర్చుంటారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కొందరికి కారణం చెవులు. అవతలివాళ్ళ మాట సరిగా వినపడక, మళ్ళీ మళ్ళీ అడగలేక తప్పుకుంటారు. ముందు చెవి పరీక్ష చేయించండి, ఆ తర్వాతే నా కౌన్సెలింగ్.

ఇంకో కారణం మన ప్రేమే. "ఈ వయసులో మీకెందుకండీ పని, కూర్చోండి" అంటాం. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోంలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి మీ విషయాలు మీరే నిర్ణయించుకోండి అని చెప్పి, పెంచుకోవడానికి తలా ఒక మొక్క ఇచ్చారు. మిగతావాళ్ళకూ మొక్కలిచ్చారు గానీ, నీళ్ళు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకు మొదటివాళ్ళే ఎక్కువ హుషారుగా కనిపించారు. మన దగ్గర మొక్కే కానక్కర్లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, దేవుడికి మాల కట్టడం, రేపటి కూర ఏంటో చెప్పడం. ఇష్టమైతేనే సుమా, బలవంతం చేస్తే అదొక డ్యూటీ అయిపోతుంది.

అపోహ: తికమకగా మాట్లాడితే మతిమరుపు జబ్బే.

నిన్నటిదాకా బాగున్న మనిషి రాత్రికి రాత్రి మనుషుల్ని గుర్తుపట్టకపోతే చాదస్తం అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మెల్లగా మొదలైన మతిమరుపుకైనా బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించాల్సిందే.

అపోహ: డబ్బు పంపుతున్నాం, వీడియో కాల్ చేస్తున్నాం, ఇంకేం కావాలి?

డల్లాస్ నుంచి చేసినా, హైదరాబాద్ నుంచి చేసినా, ఎంతసేపు మాట్లాడారన్నదానికంటే చెప్పిన టైముకు చేశారా అన్నదే వాళ్ళు లెక్కపెట్టుకుంటారు. ఆదివారం పది గంటల కాల్ కోసం తొమ్మిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునే తాతగార్లను చూశాను. మాత్రలు వేసుకున్నావా, తిన్నావా అనే ప్రశ్నలు వార్డెన్ కూడా అడుగుతాడు. మీరు ఆవకాయలో ఆవపిండి పాళ్ళు అడగండి, పొలం గట్టు తగాదాకి సలహా అడగండి.

అపోహ: "దేవుడు ఎప్పుడు తీసుకెళ్తాడో" అనడం ఈ వయసులో మామూలే.

చాలాసార్లు మామూలే. కానీ ఆ మాటతో పాటు తిండి మానేయడం, మాత్రలు దాచిపెట్టడం, ఉన్న ఉంగరం ఎవరికో ఇచ్చేయడం కనిపిస్తే ఆగొద్దు. "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. మాత్రలు తీసి వార్డెన్ దగ్గర పెట్టించండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.