బండ మీద నిమ్మకాయ మచ్చ

మా హాల్లో సోఫా పక్కన తాండూరు బండ మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటుంది. నేలంతా నున్నగా మెరుస్తుంటే అక్కడ మాత్రం సుద్ద రాసినట్టు వెలిసిపోయి ఉంటుంది. చేసింది నేనే. ఏడో తరగతి చదివే మా మేనల్లుడు అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అంటూ బట్టీ కొడుతుంటే, "అలా కాదురా, చూసి నేర్చుకోవాలి" అని గొప్పకు పోయి మేకుతో నేల మీద గీకాను. రాలిన పొడి మీద నిమ్మచెక్క పిండాను. బుస్సున పొంగలేదు గానీ, ముక్కు నేలకు ఆనించి చూస్తే సన్నటి బుడగలు కనిపించాయి. వాడు తెగ సంతోషించాడు. మా అమ్మ సంతోషించలేదు.

ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. తాండూరు బండ సున్నపురాయి, అంటే చాలావరకు కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది కరిగి ఆ వాయువును వదిలేస్తుంది. భూవిజ్ఞానులు ఫీల్డుకు వెళ్ళేటప్పుడు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చిన్న సీసాలో పెట్టుకునేది ఈ పరీక్ష కోసమే. బాత్రూమ్ యాసిడ్ పడితే ఈ బండలు పాడైపోవడానికీ కారణం ఇదే.

రాయి కనబడగానే మనం ముందు రంగు చెబుతాం. నన్నడిగితే, గుర్తుపట్టడానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది రంగే. నెక్లెస్ రోడ్డు మీద నిలబడి చూడండి. నీళ్ళ మధ్య బుద్ధుడు తెల్లగా ఉంటాడు, నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరమూ తెల్లగానే ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకే రాయేమో అనిపిస్తాయి. బుద్ధుడు భువనగిరి దగ్గరి రాయగిరి గ్రానైట్. ఒకే బండలో చెక్కిన ఆ విగ్రహం దాదాపు 18 మీటర్ల ఎత్తు, 1992 డిసెంబరులో హుస్సేన్ సాగర్ మధ్యలో నిలబెట్టారు. గుడికి వాడింది రాజస్థాన్ నుంచి వచ్చిన పాలరాయి. మొదటిది కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన అగ్నిశిల. రెండోది ఒకప్పటి సున్నపురాయి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిపోయి రూపాంతర శిల అయింది. నిమ్మరసం బుద్ధుణ్ణి ఏమీ చెయ్యదు, పాలరాతిని మాత్రం తినేస్తుంది.

రంగు వదిలేసి గింజ చూడాలి. హైదరాబాద్‌లో దానికి దూరం పోనక్కర్లేదు. ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు గట్టు, మౌలాలి, గోల్కొండ కోట మెట్ల పక్కన, ఎక్కడైనా సరే, కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. గులాబీ రంగులోనో తెల్లగానో ఉండి, చదునైన ముఖాలతో తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. గాజు పెంకులా బూడిద రంగులో, చదునైన ముఖమనేదే లేకుండా ఉండేది క్వార్ట్జ్, మనం పలుగురాయి అనేది అదే. నల్లగా, గోటితో గీరితే పొరలుగా లేచేది నల్ల అభ్రకం. ఈ మూడూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. గింజకూ గింజకూ మధ్య సందు ఉండదు, వాటిని అతికించే జిగురు కూడా ఏమీ ఉండదు. కరిగిన ముద్దలోంచి అన్నీ అక్కడికక్కడే పెరిగాయనడానికి గుర్తు అది.

గింజలు అంత పెద్దవి ఎందుకయ్యాయంటే పటికబెల్లాన్ని తలుచుకోండి. పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. అదే పాకాన్ని పళ్ళెంలో పోసి గబుక్కున చల్లారిస్తే పలుకులు కట్టే వ్యవధే ఉండదు. హైదరాబాద్ గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతున, చాలా నిదానంగా చల్లారింది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఇప్పుడది మన బస్టాపు పక్కన కనిపిస్తోందంటే, దాని నెత్తిన ఉన్న కిలోమీటర్ల మందం రాయి అంతా ఈలోగా అరిగి కొట్టుకుపోయిందన్న మాట.

గబుక్కున చల్లారిన పాకం లాంటి రాయి చూడాలంటే వికారాబాద్ దాకా పోవాలి. అనంతగిరి కొండల్లో ఉన్న నల్లటి బసాల్ట్, దక్కన్ పీఠభూమిని ముంచెత్తిన లావా ప్రవాహాల చివరి అంచుల్లో ఒకటి. వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్ళు, గ్రానైట్ ముందు పసిబిడ్డ. నేల మీదికి పొంగి చల్లారింది కాబట్టి కంటికి గింజలు ఆనవు. కొన్ని ముక్కల్లో గ్యాసు బుడగలు వదిలిన చిల్లులు కనిపిస్తాయి. ఈ తేడా పుస్తకం ముఖం చూడని రైతులకు కూడా తెలుసు. గ్రానైట్ అరిగితే ఎర్ర చెల్క, బసాల్ట్ అరిగితే నల్లరేగడి. పత్తి ఎక్కడ వెయ్యాలో నేల రంగు చెబుతుంది, నేల రంగు చాలావరకు కింద ఉన్న రాయి చెబుతుంది. (రంగు పనికిరాదని ఇందాకే అన్నాను. మట్టి విషయంలో ఆ మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నాను.)

ఈ రెంటికీ మధ్యస్థం ఒకటుంది. నగరం చుట్టూ రోడ్డు కోసం గుట్టను తొలిచిన చోట, గులాబీ గ్రానైట్‌ను నిలువునా చీలుస్తూ నల్లటి పట్టీ కనబడుతుంది. చాలా ఏళ్ళు నేను దాన్ని తారు మరక అనుకున్నాను. అది డోలరైట్. గ్రానైట్ గట్టిపడ్డాక దాని పగుళ్ళలోకి శిలాద్రవం చొరబడి, మరీ నిదానంగానూ మరీ తొందరగానూ కాకుండా చల్లారితే ఇలా సన్నటి గింజల రాయి అవుతుంది. పట్టీని గ్రానైట్ కోయలేదు, గ్రానైట్‌నే పట్టీ కోసింది. కాబట్టి పట్టీ చిన్నది, గ్రానైట్ పెద్దది. ఏ యంత్రమూ లేకుండా వయసులో పెద్దా చిన్నా తేల్చే పద్ధతి ఇది, నాకు భలే ఇష్టం.

ఇక షాపుల సంగతి. వంటగది గట్టు కోసం గ్రానైట్ షాపుకు వెళితే ముందు చూపించేది నల్లటి బండలో బంగారు చుక్కలు మెరిసే 'బ్లాక్ గెలాక్సీ'. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా తిరిగే రాయి అది. గొప్ప రాయే, కానీ గ్రానైట్ కాదు. గ్రానైట్ అనాలంటే పలుగు గింజలు దండిగా ఉండాలి, ఇందులో అవి ఉండవు. ఇది గాబ్రో జాతి, రసాయనాల లెక్కన బసాల్ట్‌కు దగ్గరి చుట్టం. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం తళుకు. రాళ్ళ వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టేదంతా గ్రానైటే. షాపువాళ్ళతో వాదించడం దండగ, రేటు తగ్గదు. పాత ఇళ్ళలో ఇదే గట్టుకు కడప బండ వేసేవాళ్ళు. అది నల్లగా ఉన్నా సున్నపురాయి జాతి. చింతపండు పులుసు ఒలికి రాత్రంతా ఉంటే పొద్దున్నకి మచ్చ తేలడం చాలామంది ఇళ్ళల్లో చూసే ఉంటారు.

హైదరాబాద్ గుండ్లను చూసి, ఎవరో రాక్షసులు విసిరేశారనో, వరదలో దొర్లుకొచ్చాయనో అనుకుంటాం. ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టున్న ఆ గుండ్లు ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్నచోటే గుండ్రమయ్యాయి. పైనున్న బరువు తగ్గేకొద్దీ గ్రానైట్‌లో అడ్డంగా, నిలువుగా పగుళ్ళు పడ్డాయి. బండ పెట్టెలు పెట్టెలుగా విడిపోయింది. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. పెట్టె ముఖం మీద నీటి దెబ్బ ఒక వైపు నుంచే, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. మూలలు ముందు పోతాయి. పెట్టె కాస్తా గుండు అవుతుంది, ఉల్లిపొరల్లా పెచ్చులూడుతూ ఉంటుంది. చుట్టూ పొడిగా మారినదంతా వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడతాయి. కొట్టుకుపోకుండా మిగిలిన పొడిని మనం మొరం అంటాం. బోరు వేసేవాళ్ళను అడిగితే "ముందు మట్టి, తర్వాత మొరం, ఆ తర్వాత బండ" అని వరస చెబుతారు. కేసింగ్ పైపు దిగేది బండ తగిలే దాకే. కింద నీళ్ళు పడితే అవి ఆ పాత పగుళ్ళలోవే. ఈ గుండ్లను కాపాడాలని 1996లోనే నగరంలో ఒక సంఘం పుట్టింది. అయినా పోయినవే ఎక్కువ.

మొరాన్ని నీళ్ళలో కడిగి చూస్తే అవక్షేప శిలల కథ మొదలవుతుంది. ఫెల్డ్‌స్పార్ మెత్తటి బంకమన్నుగా మారిపోయి నీళ్ళతో పాటు పోతుంది, పలుగు గింజలు మాత్రం చావవు. అవే ఇసుక. వాగులోంచి మూసీ, మూసీ నుంచి కృష్ణ, అక్కడి నుంచి సముద్రం. ఎక్కడో ఒకచోట పొరలు పొరలుగా పేరుకుని, పై పొరల బరువుకు నలిగి, గింజల సందుల్లో సున్నమో సిలికానో దిగి అతుక్కుంటే ఇసుకరాయి. వేలితో రుద్దితే గరుకుగా తగిలి, గింజలు రాలేది చాలావరకు ఇదే. గ్రానైట్ గింజలు పుట్టుకతోనే పెనవేసుకున్నవి, ఇసుకరాయి గింజలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అతుక్కున్నవి. భూతద్దంలో చూసి ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. సింగరేణి బొగ్గు పొరలు ఉన్నది ఇలాంటి ఇసుకరాళ్ళ మధ్యనే. బొగ్గు కూడా అవక్షేప శిలే.

తాండూరు బండ ఇసుక వల్ల కాదు, లోతు తక్కువ సముద్రంలో సున్నపు బురద పేరుకుని ఏర్పడింది. పొర మీద పొర పడింది కాబట్టే గనిలో పలకలు పలకలుగా లేస్తుంది. గవ్వలూ నత్తగుల్లలూ పుట్టకముందు కాలం నాటిది కాబట్టి అందులో వాటి కోసం వెతికి లాభం లేదు. ఒక్కోసారి ఇలాంటి నాపరాళ్ళ మీద నల్లటి చెట్టుకొమ్మలు గీసినట్టు బొమ్మలుంటాయి. మా మేనల్లుడు వాటిని చూసి "శిలాజం, మామా!" అని గంతులేశాడు. కాదు. పగుళ్ళలోకి నీటితో పాటు దిగిన మాంగనీసు అలా కొమ్మలుగా పరుచుకుంటుంది. వాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నాకూ బాధనిపించింది.

ఇక మిగిలింది రూపాంతర శిలలు. మా తరం వాళ్ళం రోజూ సంచిలో వేసుకుని మోసినవే. మార్కాపురం పలక ఒకప్పటి బురద. బురద గట్టిపడి బంకరాయి అయింది, ఒత్తిడికి అందులోని సన్నటి అభ్రకం రేకులన్నీ ఒకే వైపుకు తిరిగి పలకరాయి అయింది. ఆ రేకుల వెంట చీలుస్తారు కాబట్టి అంత పలచగా వస్తుంది. చిత్రమేమిటంటే పలక చీలే వైపు, ఒకప్పుడు బురద పొర పరుచుకున్న వైపు ఒకటే కానక్కర్లేదు. బలపపు రాయి కూడా రూపాంతరమే, గోటికే గీత పడేంత మెత్తన. ఇక గ్రానైట్ లాగే ఉంటూ నలుపూ తెలుపూ చారలు చారలుగా కనిపిస్తే అది 'నైస్' అనే రూపాంతర శిల, మన గుట్టల్లోనే అక్కడక్కడా తగులుతుంది.

చేతిలో ఇనుప మేకు, నిమ్మకాయ, ఒక గాజుముక్క ఉంటే చాలు. మేకుతో గీస్తే సున్నపురాయి, పాలరాయి తెల్లగా పొడి రాలుస్తాయి, గ్రానైట్ మీద మేకే అరిగి గీత వదులుతుంది. పలుగు గాజును గీస్తుంది, పాలరాయి గీయలేదు. తెల్లటి పలుగురాయిని పాలరాయి అనుకోకుండా తప్పించేది ఈ గాజుముక్కే. ఒక్క మనవి, చార్మినార్ దగ్గర మాత్రం నిమ్మకాయ బయటికి తియ్యకండి. 1591 నాటి ఆ కట్టడపు పూత సున్నంతో చేసింది. సున్నపురాయిని కాల్చి, నీళ్ళు కలిపి పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగానే గట్టిపడుతుంది. తప్పకుండా బుడగలొస్తాయి, వెంటనే పోలీసులూ వస్తారు.

మా వీధి చివర ఇప్పుడు ఓ అపార్ట్‌మెంటుకు సెల్లార్ తవ్వుతున్నారు. నిజమైన గ్రానైట్‌ను రోజూ మధ్యాహ్నం పేల్చి క్రషర్‌కు పంపుతున్నారు. రేపు ఆ ఫ్లాట్ల వంటగదుల్లోకి చీమకుర్తి నుంచి లారీల్లో 'గ్రానైట్' వస్తుంది. పేలుడు ఆగాక కంచె దగ్గర నిలబడి చూస్తుంటే మావాడు అడిగాడు, "మామా, మరి స్లాబు ఏ రాయి?"

కంకర గ్రానైట్‌దే. ఈ మధ్య వాడే రోబో ఇసుక కూడా గ్రానైట్ పొడే. అతికించే సిమెంటు సున్నపురాయి నుంచి వచ్చింది, తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. వేరే రాళ్ళ ముక్కలు, సందుల్లో ఇసుక, అన్నిటినీ పట్టి ఉంచే సున్నపు జిగురు. ఇలాంటిది ఏ వాగు ఒడ్డునో దొరికితే భూవిజ్ఞానులు దాన్ని అవక్షేప శిలల్లోనే వేస్తారు. వాడికి అదే చెప్పాను. పరీక్షలో మాత్రం రాయొద్దన్నాను.