పక్షవాతం తర్వాతి మూడు నెలలు: కోలుకోవడంలో ఆదాయం పాత్ర

పక్షవాతం వచ్చిన మనిషి ఎంతవరకు కోలుకుంటాడన్నది మెదడులో ఎంత భాగం దెబ్బతిన్నది, ఏ భాగం దెబ్బతిన్నది అన్నవాటిపై ప్రధానంగా ఆధారపడుతుంది. అయితే ఆదాయం, చదువు తక్కువగా ఉన్నవారిలో మరణాలు, శాశ్వత వైకల్యం ఎక్కువగా ఉండటం అనేక దేశాల పరిశీలనలలో కనిపించింది. ఈ తేడా ఎక్కడ పుడుతున్నదో తెలియాలంటే మెదడు కోలుకునే తీరును ముందుగా చూడాలి.

రక్తం అందక చనిపోయిన నాడీకణాలు తిరిగి బతకవు. తొలి వారాలలో చుట్టుపక్కల వాపు తగ్గి, అంతవరకు మూగబోయిన భాగాలు కొన్ని పని మొదలుపెడతాయి. ఆపైన మిగిలిన కణాలు తమలో తాము కొత్త అనుసంధానాలు ఏర్పరచుకొని, పోయిన కణాల పనిలో కొంత తమ మీద వేసుకుంటాయి. ఈ మార్పు నిలదొక్కుకోవాలంటే గ్లాసు పట్టుకోవడం, అన్నం కలపడం, మంచం మీద నుంచి లేవడం వంటి నిత్యకృత్యాలను పడిపోయిన చేతితో, కాలితోనే రోజూ లెక్కకు మిక్కిలిగా సాధన చేయాలి. కోపెన్‌హాగన్‌లో 1,197 మంది రోగులను గమనించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 95 మంది రోజువారీ పనులలో తాము అందుకోగలిగిన అత్యుత్తమ స్థాయిని పన్నెండున్నర వారాలలోపే అందుకున్నారు. ఆ గడువు దాటితే ఆశ లేదని దీని అర్థం కాదు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిపై అమెరికాలో జరిగి 2006లో వెలువడిన ఎక్సైట్ పరీక్షలో, బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితో రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటల వరకు సాధన చేయించారు. ఆ చేతి పనితీరు మెరుగుపడింది, ఆ మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. కాకపోతే నిపుణుడి సమక్షంలో రోజుకు అన్ని గంటల సాధన ఎంతమందికి అందుతుందన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో పేద కుటుంబాలను ఆదుకోవడానికి 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. డిశ్చార్జి తర్వాతి ఖర్చులు పదిహేను రోజుల వరకే దాని పరిధిలోకి వస్తాయి. మెదడు కోలుకోవడానికి అత్యంత అనుకూలమైన కాలం పన్నెండు వారాలైతే, అందులో ఎక్కువ భాగం ఇంటి సొంత ఖర్చు మీదనే గడవాలి.

కుడి పక్క పడిపోయిన ఒక తాపీ మేస్త్రి ఇంటిని ఊహించండి. వారం తర్వాత ఆయన వ్యాయామాల బొమ్మలున్న కాగితంతో ఇంటికి చేరతాడు. ఆయన సంపాదన ఆగిపోయింది కనుక భార్య పొద్దున్నే స్నానం చేయించి, తినిపించి, కూలికి వెళ్లక తప్పదు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆయన నులక మంచంలోనే ఉంటాడు. నడుమ జారిన ఆ మంచంలో ఒక పక్క బలంతో ఒత్తిగిలడమే కష్టం, లేచి కూర్చోవడం ఇంకా కష్టం. లేపడానికి వచ్చినవారు జాలితోనే అయినా పడిపోయిన చేతిని పట్టుకుని లాగుతారు. పట్టు కోల్పోయిన కండరాలు భుజం కీలును నిలబెట్టలేవు కనుక అది కిందికి జారి నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పికి భయపడి ఆయన ఆ చేతిని ఎవరినీ ముట్టనివ్వడు, నెల తిరిగేసరికి వేళ్లు ముడుచుకుపోతాయి. కింద కూర్చుని వాడే మరుగుదొడ్డికి రెండు మోకాళ్లలోనూ సత్తువ కావాలి కనుక అక్కడికి వెళ్లడమూ మానేస్తాడు. బస్సులో పట్టణానికి తీసుకువెళ్లాలంటే తోడు వెళ్లినవారి ఆ రోజు కూలి కూడా పోతుంది. ఇవన్నీ చూసి ఆ కుటుంబానికి శ్రద్ధ లేదనడం అన్యాయం.

మరి ఫిజియోథెరపిస్టు బాధ్యతను కుటుంబానికే నేర్పిస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన అతిపెద్ద ప్రయత్నాలలో ఒకటి మన దేశంలోనే జరిగింది. 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో సాగి, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన అటెండ్ పరీక్షలో, సగం కుటుంబాలకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి, ఆ పైన రెండు నెలల వరకు ఇంటి దగ్గర కొనసాగించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే. నిరాశ కలిగించే ఈ ఫలితం నా దృష్టిలో ఎంతో విలువైనది. బిడ్డలను, వంటను, కూలిని ఒంటి చేత్తో మోస్తున్న ఇల్లాలి మీద మరో వృత్తి బాధ్యత మోపితే అది చికిత్సకు ప్రత్యామ్నాయం కాగలదన్న ఊహను ఆ ఫలితం బలపరచలేదు.

వైద్యం ఉచితమైన చోట కూడా తేడా మాయం కాదు. ఇంగ్లండ్‌లో 2018లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనంలో, అత్యంత పేద ప్రాంతాలవారికి తొలి పక్షవాతం సంపన్న ప్రాంతాలవారికంటే ఏడేళ్లు ముందుగా వచ్చినట్లు తేలింది. అంటే రక్తపోటు, మధుమేహం, పొగతాగడం వంటివి పనిచేసే వయసులోనే దెబ్బతీస్తున్నాయి. అందువల్ల పునరావాసం, అంటే పోయిన పనితీరును తిరిగి తెచ్చుకునే సాధన, ఒక్కటే మొత్తం అంతరాన్ని పూడుస్తుందని చెప్పలేం. సాధనకు హద్దూ ఉంది. 2015లో వెలువడిన అవర్ట్ పరీక్షలో, మొదటి 24 గంటలలోనే మంచం దింపి తరచుగా నడిపించినవారి ఫలితాలు మామూలు చికిత్స పొందినవారికంటే తక్కువ సంతృప్తికరంగా వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది ఆ కుటుంబాలకు ఎంతో అవసరమైన ఆసరా, అందులో ఒక్క రూపాయి తగ్గించాలని ఎవరూ కోరరు. అదే స్థాయి సొమ్మును తొలి మూడు నెలలలో, మనిషి లేచి నిలబడే అవకాశం ఎక్కువగా ఉన్న కాలంలో, ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు, రానుపోను ఛార్జీలకు, తోడు ఉండేవారు కోల్పోయే కూలికి వెచ్చించే పద్ధతిని రెండు మూడు జిల్లాలలోనైనా శాస్త్రీయంగా పరీక్షించాలి. పోల్చడానికి ఆరు నెలల దగ్గర రెండు కొలతలు చాలు: ఎంతమంది తమంతట తాము మరుగుదొడ్డికి వెళ్లగలుగుతున్నారు, ఎంతమంది తిరిగి ఏదో ఒక పనికి వెళ్తున్నారు.