సొంతూరు లేని నాలుగు జట్లు: అమెరికా మహిళల సాఫ్ట్‌బాల్ లీగు వెనుక కథ

2025 జూన్ 7న అమెరికాలో మహిళల సాఫ్ట్‌బాల్‌కు కొత్త లీగు మొదలైంది. పేరు అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ లీగ్. పొట్టిగా ఏయూఎస్‌ఎల్ అంటారు. బాండిట్స్, బ్లేజ్, టాలన్స్, వోల్ట్స్ అని నాలుగు జట్లు, ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు. జులై చివర్లో అలబామా రాష్ట్రంలోని టస్కలూసాలో ఫైనల్స్ జరిగాయి. మూడింట రెండు గెలవాల్సిన ఆ పోరులో టాలన్స్ మొదటి రెండూ గెలిచేసి బాండిట్స్‌ను ఇంటికి పంపింది.

ఇంటికి అన్నాను గానీ, ఆ ఏడాది బాండిట్స్‌కు ఇల్లే లేదు. నాలుగు జట్లలో దేనికీ సొంతూరు లేదు. పూర్వం సురభి వాళ్లు నాటకాల సామాను బళ్లకెత్తుకుని ఊరూరా తిరిగినట్టు, లీగు మొత్తం మూటాముల్లె సర్దుకుని పది ఊళ్లు తిరిగింది. ఊరి పేరు లేని జట్టుకు అభిమానులు ఎక్కణ్నుంచి వస్తారు అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నిర్వాహకులకు ఆ సంగతి తెలియక కాదు. ఊరు పెట్టుకున్న లీగులకు అంతకుముందు ఏం జరిగిందో వాళ్లు చూశారు.

ముందు ఆట సంగతి. మన దగ్గర సాఫ్ట్‌బాల్ అంటే స్కూల్ గేమ్స్‌లో ఒక పేరు, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుందన్న ఆశ. అంతకు మించి తెలిసినవాళ్లు తక్కువ. 1887లో చికాగోలో ఒక బోట్ క్లబ్బు గదిలో, తాడుతో కట్టిన బాక్సింగ్ గ్లవ్‌నే బంతిగా చేసుకుని సరదాగా ఆడిన ఆట ఇది. అప్పుడది మెత్తగానే ఉండి ఉంటుంది. ఇప్పటి బంతి మెత్తన కాదు, తగిలితే తెలుస్తుంది. పిచ్చర్, అంటే బంతి వేసే క్రీడాకారిణి, చేతిని గుండ్రంగా తిప్పి నడుము కింది నుంచి విసురుతుంది, అదీ 43 అడుగుల దూరం నుంచే. బేస్‌బాల్‌లో ఆ దూరం 60 అడుగుల పైచిలుకు. కాబట్టి బ్యాటర్‌కు ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఇది ఎంత కష్టమో చెప్పడానికి అమెరికన్లు 1961 నాటి ఒక సంగతి గుర్తు చేస్తారు. కనెటికట్‌లోని వాటర్‌బరీలో ఒక ప్రదర్శన మ్యాచ్. బేస్‌బాల్ చరిత్రలోనే గొప్ప బ్యాటర్లలో ఒకడైన టెడ్ విలియమ్స్ ముందు జోన్ జాయిస్ అనే యువతి నిలబడింది. పది పదిహేను నిమిషాలు ప్రయత్నించినా ఆయన ఒక్క బంతినీ సరిగ్గా కొట్టలేకపోయాడట.

జాయిస్ అప్పుడు ఆడుతున్నది బ్రేకులు తయారుచేసే కంపెనీ పెట్టిన జట్టుకు: రేబెస్టాస్ బ్రేకెట్స్. ఆ రోజుల్లో మంచి సాఫ్ట్‌బాల్ ఇలా కంపెనీల నీడలో బతికేది. ఆటకని జీతం రాదు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చి, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లలకూ ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలంది. ఆ ఊపులోనే 1976లో జాయిస్, టెన్నిస్ తార బిల్లీ జీన్ కింగ్, లీగులు పెట్టడంలో చేయి తిరిగిన డెన్నిస్ మర్ఫీ కలిసి మొదటి మహిళల ప్రొఫెషనల్ సాఫ్ట్‌బాల్ లీగు పెట్టారు.

మొదటి ఏడాదే పది జట్లు. తూర్పున కనెటికట్ నుంచి పడమట కాలిఫోర్నియా దాకా పరుచుకున్నాయి. సీజన్‌కు ఒక్కో జట్టు 120 మ్యాచ్‌లు ఆడాలని షెడ్యూల్ వేశారు, రోజుకు రెండేసి చొప్పున. ఇంత పెద్ద దేశంలో ఆ చివర నుంచి ఈ చివరకు జట్లను తిప్పడానికి అయ్యే ఖర్చు ఊహించుకోండి. జీతాలు మాత్రం చాలామందికి ఏడాదికి కొన్ని వేల డాలర్లు దాటలేదు. జాయిస్ ఆడిన కనెటికట్ ఫాల్కన్స్ నాలుగు సీజన్లూ కప్పు గెలిచింది. ప్రతిసారీ గెలిచేది ఒకే జట్టైతే మిగతా ఊళ్లలో టిక్కెట్లు కొనేవాళ్లకు ఉత్సాహం ఏముంటుంది? 1979 సీజన్‌తో లీగు అయిపోయింది.

మళ్లీ ప్రయత్నం జరగడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మొదటిసారి వచ్చింది, అమెరికా స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే మినియాపొలిస్ పత్రికాధిపతుల కుటుంబానికి చెందిన కౌల్స్ దంపతుల పెట్టుబడితో ఆరు జట్ల లీగు మొదలైంది. ఈసారి తెలివిగా జట్లన్నీ ఆగ్నేయ రాష్ట్రాల్లోనే పెట్టారు: ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా, వర్జీనియా. ప్రయాణాల ఖర్చు తగ్గింది, కానీ చూసేవాళ్లు పెరగలేదు. 2001 తర్వాత ఆపేశారు. 2004లో అదే లీగు నేషనల్ ప్రో ఫాస్ట్‌పిచ్ అనే కొత్త పేరుతో లేచింది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆడింది ఇదే, 2019 దాకా. కానీ ఆ పదహారు సీజన్లలో వచ్చిన జట్లు, పోయిన జట్లు గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒక యజమానికి విసుగొస్తే ఒక జట్టు మాయం. చివరి రోజుల్లో జట్లు చాలక బీజింగ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, కెనడా నుంచి ఆటగాళ్లను తెచ్చి ఫ్రాంచైజీలుగా ఆడించారు. ఒలింపిక్స్ ముందు ఆ దేశాలకు అది ప్రాక్టీసు, లీగుకు అది లెక్క పూరించుకోవడం.

డబ్బు సంగతి పిచ్చర్ మోనికా అబాట్ ఒప్పందంతో బాగా తెలుస్తుంది. 2016లో టెక్సస్‌లోని స్క్రాప్ యార్డ్ డాగ్స్ ఆమెతో ఆరేళ్లకు 10 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. పేపర్లన్నీ రాశాయి. అయితే ఒక జట్టు మొత్తానికి ఇవ్వగలిగిన జీతాల పరిమితే ఏడాదికి లక్షన్నర డాలర్లు! అందుకని ఆమెకు ఖాయంగా వచ్చేది ఏడాదికి 20 వేలు, మిగతాది మైదానానికి ఎంతమంది వస్తే దాన్ని బట్టి బోనస్ అని రాసుకున్నారు. నిజానికి అబాట్ లాంటి వాళ్లకు స్థిరమైన సంపాదన జపాన్‌లో దొరికేది. అక్కడ టొయోటా లాంటి కంపెనీలు జట్లను పోషిస్తాయి, ఆటగాళ్లను ఉద్యోగుల్లా చూస్తాయి. అమెరికా ఎప్పుడో వదిలేసిన బ్రేకెట్స్ పద్ధతి లాంటిదే అక్కడ బాగా నడుస్తోంది.

దీనికి తోడు 2005లో సింగపూర్‌లో జరిగిన ఓటింగులో ఒలింపిక్ కమిటీ సాఫ్ట్‌బాల్‌ను తీసేసింది. అమెరికా మరీ ఏకపక్షంగా గెలుస్తోందన్న మాట అప్పట్లో బాగా వినిపించింది. 2004లో ఆ జట్టు టోర్నీ మొత్తంలో 51 పరుగులు చేసి ఒక్కటే ఇచ్చింది మరి. తీరా 2008 బీజింగ్‌లో, వెళ్లిపోయే ముందు చివరి ఫైనల్లో, జపాన్ 3-1తో అమెరికాను ఓడించింది. జపాన్ పిచ్చర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి 413 బంతులు విసిరింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు ఆట తిరిగి వచ్చింది, మళ్లీ జపానే గెలిచింది. పారిస్‌లో మళ్లీ లేదు.

2020 సీజన్‌ను కోవిడ్ మింగింది. అప్పటికే లీగు నుంచి బయటికొచ్చిన స్క్రాప్ యార్డ్ జట్టు ఆ జూన్‌లో ఫ్లోరిడాలో ఒక మ్యాచ్ ఆడింది. దేశమంతా జాతి వివక్షపై నిరసనలు నడుస్తున్న రోజులవి. జాతీయగీతానికి తమ ఆటగాళ్లంతా నిలబడ్డారని గొప్పగా చెబుతూ యాజమాన్యం పెట్టిన ట్వీట్‌కు ఆటగాళ్లు మండిపడి మొత్తం జట్టే విడిచిపెట్టారు. ‘దిస్ ఈజ్ అస్’ అని కొత్త పేరు పెట్టుకుని ఆడారు. 2021 ఆగస్టులో నేషనల్ ప్రో ఫాస్ట్‌పిచ్ అధికారికంగా మూతపడింది.

ఇంతలో, 2020 ఆగస్టులో, జాన్ పాట్రికాఫ్, జొనథన్ సోరోస్ పెట్టిన అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టింది. తర్వాత ఏయూఎస్‌ఎల్ పెట్టిందీ ఈ సంస్థే. ఊరు లేదు, శాశ్వత జట్టూ లేదు. అందరూ చికాగో పక్కన రోజ్‌మాంట్ అనే ఒకే ఊళ్లో ఆడేవారు. వారం వారం కెప్టెన్లు జట్లను కొత్తగా ఎంచుకునేవారు. పాయింట్లు మనిషికి, కప్పు కూడా మనిషికే. మొదటి ఏడాది క్యాట్ ఓస్టర్‌మన్ గెలిచింది. ఆట పరంగా నాకిది వింతగానే అనిపిస్తుంది, ఈ వారం నీ జట్టు వచ్చే వారం నీ జట్టు కాదంటే ఎవరి వైపు అరవాలి? కానీ లెక్కల పరంగా ఇది గట్టి ఆలోచన. వెనకటి లీగులను ముంచిన విమాన టిక్కెట్లు, ఖాళీ స్టేడియాలు, మనసు మార్చుకునే యజమానులు ఇందులో లేరు. 2022లో పాత పద్ధతిలో మరో లీగు, విమెన్స్ ప్రొఫెషనల్ ఫాస్ట్‌పిచ్, రెండు జట్లతో వచ్చి నాలుగు దాకా పెరిగింది.

వీటన్నిటి పక్కనే, కాలేజీ సాఫ్ట్‌బాల్ మాత్రం వెలిగిపోతోంది. ఓక్లహోమా సిటీలో ఏటా జరిగే కాలేజీ వరల్డ్ సిరీస్‌ను టీవీలో లక్షలమంది చూస్తారు. 2024లో పిచ్చర్ నిజారీ కెనడీ స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కు మారితే, పేరు, ఫోటో వాడుకునే హక్కుల కింద ఏడాదికి 10 లక్షల డాలర్ల పైన ఒప్పందం దక్కింది. 2016లో ఒక ప్రొఫెషనల్ జట్టు జీతాల పరిమితికి అది ఏడు రెట్లు. కాలేజీలో ఉన్నంతకాలం రాణి, పట్టా చేతికి రాగానే కోచింగ్ ఉద్యోగం వెతుక్కోవాలి. చాలామంది క్రీడాకారిణుల కథ ఇదే. జనం తమ యూనివర్సిటీ రంగు జెర్సీని ప్రేమిస్తారు. ఆ ప్రేమను ఊరూ పేరూ లేని కొత్త జట్టుకు మళ్లించడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు.

2025 సీజన్‌కు వచ్చిన తేడా ఏమిటంటే, మొదటిసారి ఒక పెద్ద ఇంటి అండ దొరికింది. మే నెలాఖరులో, అమెరికాలో అతిపెద్ద బేస్‌బాల్ లీగు అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ ఏయూఎస్‌ఎల్‌లో పెట్టుబడి పెడుతున్నట్టు ప్రకటించింది. మన డబ్ల్యూపీఎల్‌తో పోల్చి చూస్తే ఇది ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 2023లో ఆ లీగు పుట్టకముందే ఐదు జట్లు 4,669.99 కోట్లకు అమ్ముడుపోయాయి, ఎందుకంటే వెనకాల బీసీసీఐ ఉంది. అమెరికా సాఫ్ట్‌బాల్‌కు అలాంటి తల్లివేరు యాభై ఏళ్లలో లేదు. కమిషనర్‌గా వచ్చిన కిమ్ ఎంగ్ కూడా ఆ ఇంటి మనిషే. మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు మయామీ మార్లిన్స్‌కు జనరల్ మేనేజర్‌గా పనిచేసి, ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ అయింది. కాలేజీలో ఆమె ఆడింది సాఫ్ట్‌బాలే.

ఊళ్లు లేకుండా ఒక సీజన్ తిరిగి, ఎక్కడ జనం వస్తున్నారో చూసుకుని, 2026కి జట్లకు ఊళ్లు ఇచ్చారు. బాండిట్స్ చికాగోకు, అంటే రోజ్‌మాంట్‌కు వెళ్లింది. అక్కడి స్టేడియం 2011లో పాత లీగులోని చికాగో బాండిట్స్ కోసమే కట్టింది. టాలన్స్ యూటాకు, వోల్ట్స్ టెక్సస్‌కు, బ్లేజ్ కరోలినాకు. పోర్ట్‌లాండ్‌లో కాస్కేడ్ అని కొత్త జట్టు. 2022లో పుట్టిన ఆ రెండో లీగులో అంతకుముందు ఆడిన ఓక్లహోమా సిటీ స్పార్క్ కూడా వచ్చి చేరింది. 2028 ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ జరగబోయేదీ ఆ ఊళ్లోనే. పసిఫిక్ పక్కనున్న పోర్ట్‌లాండ్ నుంచి అట్లాంటిక్ వైపున్న కరోలినా దాకా, 1976లో జాయిస్ వాళ్లు గీసుకున్న మ్యాప్ లాంటిదే మళ్లీ గీశారు. విమాన టిక్కెట్ల బిల్లు కట్టడానికి ఈసారి వెనక మేజర్ లీగ్ బేస్‌బాల్ ఉంది.