పెరడంతా గచ్చు చేయించే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఎం.వి.పి. కాలనీ అయినా, మధురవాడ అయినా, పెరడు చూడమని పిలిచిన ఇంట్లో ఇచ్చిన కాఫీ చల్లారేలోపే వినిపించే మాట ఇది: "మట్టి కనిపించకుండా మొత్తం గచ్చు చేసేయండి. బురద ఉండదు, పాములు రావు. సాయంత్రాలు నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుంటాం." కోరికలో తప్పేమీ లేదు. కానీ పెరళ్లు తీర్చిదిద్దే మా వృత్తిలో జనం డబ్బు ఎక్కువగా తగలబడేది ఆ గచ్చు దగ్గరే. వేయించడానికి ఒకసారి, పగలగొట్టించడానికి మరోసారి.

లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న పెరడు సుమారు 18.5 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే లీటరు నీరు. వాయుగుండం పట్టి ఒక్కరోజులో 100 మిల్లీమీటర్లు పడిందంటే పెరట్లో పడేదే 1,850 లీటర్లు. 1,000 చదరపు అడుగుల డాబా మీది గొట్టాలు కూడా పెరట్లోకే దిగితే ఇంకో 9,000 లీటర్ల పైచిలుకు. మట్టి ఉంటే కొంతైనా తాగుతుంది. గచ్చు చుక్క తాగదు. మూడు వైపులా ప్రహరీ ఉన్నప్పుడు ఆ నీళ్లు వంటింటి గుమ్మం తొక్కక ఎక్కడికి పోతాయి?

అంతకన్నా నెమ్మదిగా జరిగే నష్టం ఎత్తుతో వస్తుంది. పాత గచ్చు తీయకుండా దాని మీద కొత్తది, ఆ పైన టైల్స్. చూస్తుండగానే పెరడు పునాది బెల్టును, అంటే పునాదికీ గోడకీ మధ్య చెమ్మను ఆపే కాంక్రీటు పట్టీని, దాటేస్తుంది. అక్కడి నుంచి గోడ చెమ్మను పీల్చుకుంటూనే ఉంటుంది. సీతమ్మధారలో ఒక పెద్దావిడ నాతో, "మాటిమాటికీ రంగులు వేయిస్తున్నాం బాబూ, సముద్రపు గాలికి నిలవడం లేదు" అన్నారు. పెచ్చులూడుతున్నది పెరటి వైపు గోడ ఒక్కటే, అదీ మోకాలి ఎత్తు వరకే. సముద్రపు గాలి మోకాళ్ల దగ్గర ఆగిపోదు కదా! గోడ వెంట అడుగున్నర వెడల్పున గచ్చు తవ్వించి, నేల దించి, కంకర పోయించాం. గోడ ఆరడానికి ఎండాకాలమంతా పట్టింది. ఆ తరువాతే రంగు వేయనిచ్చాను. అంతకుముందు ఎవరో వాటర్‌ప్రూఫ్ రంగు అని డబ్బాలకు డబ్బాలు పూసి పోయారట. లోపల చెమ్మను అలాగే ఉంచి పైన రంగుతో మూసేసేవాళ్ల గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది.

ఆవిడ అసలు భయం పాములు. ఆ భయాన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయితే సంపెంగ వాసనకు పాములు వస్తాయన్నది వట్టి మాట. అవి వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం. ఇటుక బెడ్డల గుట్ట, పాత చెక్కలు, జాలీ లేని తూము, పగిలిన గచ్చు కింది బొరియ, ఇవే వాటికి ఇళ్లు. వీటిని తీసేయించండి, మొక్కల జోలికి పోకండి.

కూర్చునే చోటు వరకు, అంటే పెరట్లో మూడో వంతు, బండలు చాలు. ఇసుక పరిచి, మధ్యలో సందులు వదిలి, గరుకు కడప బండలో, సిమెంటు పేవర్ బ్లాకులో వేయించండి. పాలిష్ గ్రానైట్ వానలో జారుతుంది. పెరటి మట్టం ఇంటి నేల కన్నా కనీసం అరడుగు కిందికి ఉండాలి. వాటం, అంటే నీళ్లు జారే వాలు, ఇంటి నుంచి బయటికి, మీటరుకు ఒక సెంటీమీటరు తగ్గకుండా. నీళ్లు చేరే మూల, పునాదికి దూరంగా ఇంకుడు గుంత. కొండవాలు ఇళ్లలో రాయి పైకే ఉండవచ్చు. కాబట్టి ముందు చిన్న గొయ్యి తీసి నీళ్లు పోసి, ఇంకుతున్నాయో లేదో చూసుకోండి.

"చెట్టు వద్దండీ, హుద్‌హుద్ తుఫాను చూశాం కదా." 2014 అక్టోబరు 12 ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు, కాదనను. కానీ మొదలు చుట్టూ సిమెంటు బిగిస్తే వేళ్లకు గాలీ నీరూ అందవు. అలాంటి చెట్టు ఈదురుగాలిని ఎలా తట్టుకుంటుంది? వర్షాకాలం చివర్లో కొమ్మలు పలచబరచండి. చిన్న పెరటికి నిమ్మ, కరివేపాకు, నందివర్ధనం హాయి. సముద్రానికి దగ్గరైతే గన్నేరు, కాగితం పూలు ఉప్పుగాలికి ఓర్చుకుంటాయి.

ఇక మిగతావి. పందిరికి మామూలు ఇనుము వేసి రంగు కొడితే చాలంటారు. వెల్డింగ్ అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది, జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ పైపు తీసుకుని అతుకులకు జింక్ ప్రైమర్ పట్టించండి. ప్లాస్టిక్ గడ్డి చల్లగా ఉంటుందంటారు. మే నెల మధ్యాహ్నం చెప్పులు లేకుండా దాని మీద నిలబడి చూడండి. మొక్కలుంటే డెంగీ అంటారు. ఆ దోమకు కావలసింది నిలవ నీరు. కుండీ కింది పళ్లెం వారానికోసారి ఒంపి, తుడిచి పెట్టండి.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి వానలకు ముందే ముగించండి. ఆఖరి విడత డబ్బు ఇచ్చే ముందు మేస్త్రీని పక్కన నిలబెట్టి, వంటింటి గుమ్మం దగ్గర నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించండి. నీళ్లు గుంత వైపు నడిస్తే డబ్బు ఇవ్వండి. గోడ వారన నిలిస్తే బండలు లేపించండి.