దగ్గుకు యాంటీబయాటిక్: ఓపీలో నేను రోజూ వినే అపోహలు

అపోహ: గళ్ల పచ్చగా పడితే యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందే.

మొన్న ఒకాయన రుమాలు మడత విప్పి చూపించారు. "ఎంత పచ్చగా ఉందో చూడండి డాక్టరు గారూ!" చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. వైరస్ దగ్గులోనూ గళ్ల అలాగే పచ్చబడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి వచ్చే బ్రాంకైటిస్ (ఊపిరి గొట్టాల వాపు) నూటికి తొంభై మందిలో వైరస్ వల్లే. దాని మీద ఏ యాంటీబయాటిక్ పనిచేయదు.

అపోహ: వారమైనా తగ్గలేదంటే పవర్ ఉన్న మందు పడాలి.

ఈ దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుంది. జ్వరం తగ్గి, ఊపిరి బాగా అందుతుంటే ఓపిక పట్టొచ్చు. అయినా మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి, రెండు వారాలు దాటితే గళ్ల పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. టీబీ ఉన్నవాళ్లు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ షాపులో కొని వేసుకుంటే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఈలోగా జబ్బు ముదిరిపోతుంది. అలా ఆలస్యంగా వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అపోహ: "నా ఒంటికి ఆ మందు అలవాటైపోయింది."

మందుకు మొండికేసేది ఒంట్లోని బ్యాక్టీరియా. దగ్గుకని మింగిన మాత్ర గొంతులో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియాకూ తగులుతుంది. లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఒక్క కోర్సు ప్రభావం ఏడాది దాకా ఉండొచ్చు. ఆలోగా మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి, మామూలు మాత్ర పట్టకపోవచ్చు. పైగా ఆ బ్యాక్టీరియా చేతుల ద్వారా ఇంట్లోవాళ్లకూ చేరుతుంది.

అపోహ: యాంటీబయాటిక్ రాయలేదంటే డాక్టరు పట్టించుకోలేదు.

రాయడానికి అర నిమిషం చాలు. వద్దని చెప్పాలంటే స్టెతస్కోపు పెట్టి విని, ఊపిరి లెక్కపెట్టి, ఆక్సిజన్ చూసి, మీకు నచ్చజెప్పాలి. నిజంగా నెమ్ము (న్యుమోనియా) చేసిందని తేలితే వెంటనే రాస్తాం. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, గళ్లలో రక్తం, పెద్దవయసువాళ్లు తికమకగా మాట్లాడటం: ఇవి కనిపిస్తే ఆగొద్దు.

పిల్లలకు దగ్గు, జలుబు ఉంటే, నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 40 గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గానీ, అంతకు మించి గానీ ఉంటే, తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.