మైక్ నొక్కడానికి జంకే పైలట్ల కోసం: ఆన్‌లైన్ ఏటీసీ ఈవెంట్లపై అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్లో సిమ్యులేటర్ విమానాలు నడిపేవాళ్లు ఆన్‌లైన్ ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్)తో మాట్లాడుతూ కలిసి ఎగిరే ఈవెంట్ల ప్రకటన పెట్టిన ప్రతిసారీ నాకు వచ్చే మొదటి మెసేజ్ ఒక్కటే. విమానం గురించీ కాదు, చార్టుల గురించీ కాదు. "అన్నా, నాకు ఇంగ్లీష్ అంత రాదు, ఊరికే వింటూ కూర్చుంటే సరిపోతుందా?" బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి అందరిదీ ఇదే ప్రశ్న. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బజార్లో హిందీ మాట్లాడుతూ రోజూ మూడు భాషల్లో పని చక్కబెట్టుకునే పిల్లలు నాలుగో దాని దగ్గరకొచ్చేసరికి నోరు కట్టేసుకుంటారు.

నేను పగలు బరంపురంలో ఒక మందుల షాపులో లెక్కలు రాస్తాను. సాయంత్రాలు వ్యాట్సిమ్‌లో, అంటే సిమ్యులేటర్ పైలట్లూ కంట్రోలర్లూ కలిసే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో, అప్రోచ్ కంట్రోలర్‌ని: దిగడానికి వచ్చే విమానాలకు దారి చెప్పేవాణ్ని. ఈ పనికి నాకు పైసా రాదు. అక్కడ కూర్చునే ఏ కంట్రోలర్‌కీ రాదు. అందుకే కాబోలు, ఈ పుకార్లు విన్నప్పుడల్లా కాస్త ఒళ్లు మండుతుంది. ఫ్లైట్ ప్లాన్, స్క్వాక్ (రాడార్ మీద విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల కోడ్), ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటో మీకు తెలుసు అనుకుని రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లీష్ గడగడా రావాలి, తప్పు మాట్లాడితే తీసేస్తారు

దీని గురించే ఎక్కువ రాస్తాను. మనవాళ్లను అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీస్తున్నది ఇదే.

తప్పు మాట్లాడినందుకు ఒక పైలట్‌ని నెట్‌వర్క్ నుంచి తీసేయడం నేను ఇంతవరకు చూడలేదు. మాట్లాడనందుకు తీసేయడం మాత్రం చాలాసార్లు చూశాను. తప్పు చెప్తే ఏమవుతుందోనన్న భయంతో నోరు మెదపరు. అక్కడ అసలు నేరం ఆ నోరు మెదపకపోవడమే. భయమే వాళ్ల చేత ఆ పని చేయిస్తుంది.

ఒక శుక్రవారం సాయంత్రం భువనేశ్వర్‌లో దిగే విమానాల ఈవెంట్. అప్రోచ్‌లో నేనున్నాను. విశాఖ నుంచి ఏటీఆర్ ఒకటి వస్తోంది, నడిపేది పర్లాకిమిడి కుర్రాడు. 4000 అడుగులకు దిగమన్నాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. లేదు. టైప్ చేసి పంపాను. దానికీ లేదు. వెనక రెండు ఎయిర్‌బస్‌లు తరుముకొస్తున్నాయి. అతను మాత్రం 10,000 అడుగుల ఎత్తులో విమానాశ్రయం నెత్తిమీదుగా సముద్రం వైపు పోతున్నాడు. కంట్రోలర్‌కి ఎవరినీ తీసేసే అధికారం ఉండదు, సూపర్‌వైజర్‌ని పిలవడమే మా చేతిలో ఉన్న పని. పిలిచాను. ఆయన విడిగా మెసేజ్ పెట్టారు. దానికీ ఉలుకూ పలుకూ లేదు. కనెక్షన్ తీసేశారు.

రాత్రి పదకొండు దాటాక ఆ అబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మీరు పిలిచింది అన్నిసార్లూ వినబడింది. ఏం చెప్పాలో తెలీలేదు. సూపర్‌వైజర్ పేరు చూసేసరికి చేతులు ఆడలేదు."

అంతా విన్నాడు. ఆ క్షణంలో "సే అగైన్" అన్న రెండు మాటలు అన్నా చాలు, నేను నిదానంగా మళ్లీ చెప్పేవాణ్ని. "స్టాండ్‌బై" (కాసేపు ఆగండి) అన్నా చాలు, అతన్ని పక్కకు తిప్పి వెనకున్నవాళ్లను ముందు దించేవాణ్ని. చెప్పింది చేతకాకపోతే "అనేబుల్" అంటే చాలు. అది మొరాయించడం కాదు, ఏ పైలట్ అయినా అనదగ్గ మాటే.

అసలు ఇక్కడ మాట్లాడే ఇంగ్లీష్ ఎంత? చూడండి. క్యూఎన్‌హెచ్ అంటే ఎత్తు చూపే మీటరుకి పెట్టుకునే గాలి పీడనం, హెడింగ్ అంటే విమానం ముక్కు తిప్పాల్సిన దిశ. నేను ఇలా అంటాను: "విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, డిసెండ్ టు 4000 ఫీట్, క్యూఎన్‌హెచ్ 1006, టర్న్ లెఫ్ట్ హెడింగ్ 050." మీరు అనాల్సింది: "డిసెండ్ టు 4000 ఫీట్, క్యూఎన్‌హెచ్ 1006, లెఫ్ట్ హెడింగ్ 050, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ." ఇందులో గ్రామర్ ఎక్కడుంది? నా మాటలే నాకు తిప్పి చెప్పి, చివర మీ విమానం పేరు పెట్టారు, అంతే. అంకెల్ని కూడా మూడుకి "ట్రీ", అయిదుకి "ఫైఫ్", తొమ్మిదికి "నైనర్" అని పలకాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఎప్పుడో చెప్పింది. అమెరికన్ యాస కోసం యూట్యూబ్ చూసి నాలుక మెలితిప్పుకునే వాళ్లను చూస్తే జాలేస్తుంది. యాస తెచ్చిపెట్టుకున్నవాళ్ల మాటే నాకు ఎక్కువసార్లు అర్థం కాదు.

ఏవి తిప్పి చెప్పాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రూట్ క్లియరెన్స్, రన్‌వే నంబరు, రన్‌వే మీదికి వెళ్లమన్నా, దాటమన్నా, దాని ముందే ఆగమన్నా ఆ మాట, ఎత్తు, హెడింగ్, స్పీడ్, స్క్వాక్, క్యూఎన్‌హెచ్, మారాల్సిన ఫ్రీక్వెన్సీ. ఇవి తప్పనిసరి. గాలి ఎటు నుంచి వీస్తోందో నేను చెప్తే అది తిప్పి చెప్పనక్కర్లేదు. ఇక అన్నిటికీ "రోజర్" (విన్నాను) అనే అలవాటు ఒకటుంది, దాన్ని ఇవాళే మానేయండి. నేను 4000 అన్నాను, మీకు 3000 అని వినబడింది, మీరు "రోజర్" అన్నారు. ఆ తప్పు నాకెలా తెలుస్తుంది? మీరు "3000" అని తిప్పి చెప్తే అక్కడికక్కడే దిద్దుతాను. మీ తప్పు నా చెవిన పడాలనే ఈ తిప్పి చెప్పడం, అంటే రీడ్‌బ్యాక్, పెట్టింది.

అప్పటికీ నోరు పెగలదా? టైప్ చేయండి. వ్యాట్సిమ్‌లో మాట్లాడి తీరాలన్న నియమం లేదు. ఫ్లైట్ ప్లాన్ రిమార్క్స్‌లో టెక్స్ట్ అని గాని, వినగలను కానీ టైప్ చేస్తాను అని గాని గుర్తు పెట్టే పద్ధతి ఉంది. పర్లాకిమిడి అబ్బాయి తర్వాతి వారం అలాగే వచ్చాడు. "runway" అని ఉండాల్సిన చోట "ranway" అని రాశాడని నవ్వుకునే తీరిక నాకెక్కడిది, అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. చక్కగా దిగాడు. దసరా నాటికి మైక్‌లోనే మాట్లాడుతున్నాడు. ఇప్పుడు అతన్ని ఆపడమే కష్టం, ఫ్రీక్వెన్సీలో అందరికీ గుడ్ ఈవెనింగ్ చెప్పందే ఊరుకోడు.

ఇంకోమాట. కనెక్షన్ తీసేయడం అంటే నిషేధం కాదు. మళ్లీ కనెక్ట్ అవ్వొచ్చు. ఆ తేడా తెలియక, ఇక ముఖం చూపించలేమనుకుని సిమ్యులేటర్‌నే కంప్యూటర్లోంచి తీసేసినవాళ్లున్నారు. నాకు బాధ అక్కడ.

అపోహ: మొదలుపెట్టడానికి ఈవెంట్ రోజే మంచిది, కంట్రోలర్లందరూ ఉంటారు కదా

కంట్రోలర్లు ఉంటారు నిజమే. మీతో మాట్లాడే తీరిక ఉండదు. ఈవెంట్ రోజున మొదలుపెట్టడం అంటే పెళ్లి భోజనాల వేళ గాడిపొయ్యి దగ్గరకెళ్లి వంట నేర్పమనడమే. అప్రోచ్ ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పది పదిహేను విమానాలుంటాయి. ఒకరు మైక్ నొక్కితే మిగతావాళ్లు ఆగాల్సిందే. మీకు రూట్ మార్చి చెప్తారు, హోల్డింగ్‌లో (ఒకే చోట చుట్లు కొడుతూ ఆగేలా) తిప్పుతారు, స్పీడ్ తగ్గించమంటారు. ఎయిర్‌బస్‌లో ఎఫ్‌ఎంఎస్ అనే దారి చూపే కంప్యూటర్‌లో హోల్డ్ ఎలా పెట్టాలో అప్పుడు వెతుక్కుంటే కుదరదు.

క్రాస్ ద పాండ్ అని అట్లాంటిక్ దాటే ఈవెంట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. స్లాట్ (బయల్దేరడానికి కేటాయించే సమయం) దొరకడమే గొప్ప అన్నట్టు పోటీ పడతారు. స్లాట్ దొరికింది కదా అని మొదటి ఆన్‌లైన్ ఫ్లైటే అందులో పెట్టుకున్న రాయగడ తమ్ముడొకడు గేటు దగ్గరే గంటన్నర కూర్చుని, క్లియరెన్స్ రాగానే కంగారుపడి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే ఆపేశాడు.

కొత్తవాళ్లకు నా మాట: వారం మధ్యలో, ఒక్క టవర్ మాత్రమే ఆన్‌లైన్‌లో ఉన్న రోజు చూసుకోండి. సెస్నా 172 లాంటి చిన్న విమానం తీసుకుని సర్క్యూట్లు కొట్టండి. టేకాఫ్, ఎడమకి తిరగడం, మళ్లీ దిగడం. రిమార్క్స్‌లో కొత్తవాణ్నని రాయండి. ఖాళీగా ఉన్న కంట్రోలర్‌కి కొత్త పైలట్ దొరికితే ఎంత సంబరమో మీకు తెలీదు. సాయంత్రమంతా ఖాళీ రాడార్ చూస్తూ టీ తాగుతుంటాం మరి. అంతకంటే ముందు ఊరికే వినాలనుకుంటే అబ్జర్వర్‌గా కనెక్ట్ అవ్వొచ్చు. మెసేజ్‌లో అడిగే ఆ "వింటూ కూర్చోవడం" ఇలా చేయండి, విమానం నడుపుతూ కాదు.

అపోహ: ఏవియేషన్ ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే పోలీసు కేసు

ఇది పిల్లల భయం కాదు, తండ్రుల భయం. కోరాపుట్ వైపు ఇంకా ఎక్కువ. మొన్నొకాయన కొడుకుని వెంటబెట్టుకుని మా షాపుకే వచ్చారు. కొడుకు రాత్రిళ్లు తలుపు వేసుకుని "భువనేశ్వర్ టవర్" అంటూ ఎవరితోనో మాట్లాడుతున్నాడట. ఎదురింటాయన, వైర్‌లెస్‌లో విమానాలతో మాట్లాడితే జైలే అని భయపెట్టాడు. పాపం, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సిమ్యులేటర్‌లో మీరు తిప్పే ఫ్రీక్వెన్సీ తెర మీద ఒక అంకె, అంతే. మీ గొంతు వాట్సాప్ కాల్ లాగే ఇంటర్నెట్‌లో వెళ్తుంది. గాల్లోకి ఏ రేడియో తరంగమూ పోదు, నిజమైన విమానం ఏదీ వినదు. లైసెన్స్ లేకుండా నిజమైన రేడియో సెట్టు కొని విమానాల ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే మాత్రం అది నేరమే. ఈ రెండింటికీ సంబంధం లేదు. నా ల్యాప్‌టాప్ తెరిచి, లండన్ మీద ఎగురుతున్నవాళ్లను చూపించాక గాని ఆయన కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు. వెళ్తూ వెళ్తూ, దీనికి జీతమెంత అని అడిగారు.

పేరు బయటపడుతుందని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, అడిగే తల్లిదండ్రులకు: పూర్తి పేరు పెట్టనక్కర్లేదు, సభ్యత్వం నంబరుతోనే ఎగరొచ్చు. వయసు 13 నిండాలి. సభ్యత్వం ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అపోహ: ఈ గంటలూ ఈ రేటింగూ ఉద్యోగానికి పనికొస్తాయి

రావు. మా కంట్రోలర్లకిచ్చే ఎస్1, ఎస్2, ఎస్3, సీ1 రేటింగులకు మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్స్‌తో సంబంధం లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి 200 గంటలు నిజంగా గాల్లో ఎగరాలి. ఏటీసీ ఉద్యోగం కావాలంటే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గాని, ఇంజనీరింగ్ గాని చదివి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయాలి. ఇక్కడ నేర్చుకున్న భాష, చెవికైన అలవాటు రేపు అక్కడ కాస్త ధైర్యమిస్తాయేమో, అంతవరకే. మా కంట్రోలర్లలో నిజంగా టవర్‌లో పనిచేసేవాళ్లు కొందరున్నారు, ఎక్కువమంది నాలాంటివాళ్లే. నిజమైన విశాఖ విమానాశ్రయంలో టవర్ నడిపేది నేవీ. మా విశాఖ టవర్‌లో ఒక్కోసారి ఇంటర్ పరీక్షలు రాస్తున్న పిల్లాడు ఉంటాడు, బాగానే నడుపుతాడు.

మిగతావి గబగబా

భువనేశ్వర్ టవర్ ఆఫ్‌లైన్‌లో ఉంటే ఎవరూ లేనట్టు కాదు. పైన కోల్‌కతా కంట్రోల్ ఉంటే గ్రౌండ్ దాకా అన్నీ ఆయనే చూస్తారు, ఆయన్నే పిలవండి. నిజంగా ఎవరూ లేకపోతే 122.800లో మీ కదలికలు చెప్పుకుంటూ వెళ్లండి.

ఈవెంట్ సమయం మన టైమ్ కాదు, జులూ టైమ్, అంటే గ్రీన్విచ్ సమయం. 1400 అంటే మనకి రాత్రి ఏడున్నర. మధ్యాహ్నం రెండుకి వచ్చి ఎవరూ లేరని తిట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

లక్ష రూపాయల కంప్యూటర్ అక్కర్లేదు. పాత ఎక్స్‌ప్లేన్ సిమ్యులేటర్ నడిచే ల్యాప్‌టాప్ ఉంటే చాలు. నెట్‌వర్క్‌కి డేటా ఎక్కువ పట్టదు, డేటా తినేసేది కొత్త సిమ్యులేటర్ దృశ్యాలే.

7500 స్క్వాక్ పెట్టి హైజాక్ ఆట ఆడొచ్చని ఎవరో చెప్పారట. కుదరదు. హైజాక్ నటించడం నిషేధం. ఈ ఒక్క విషయంలో సూపర్‌వైజర్ మీ మాట వినేదాకా కూడా ఆగరు.

కరెంటు పోయి మధ్యలో డిస్‌కనెక్ట్ అయితే శిక్షేమీ లేదు. మళ్లీ వచ్చి నేల మీద మొదలుపెడుతుంటే మాత్రం రన్‌వే నడిమధ్య ప్రత్యక్షం కాకండి, పార్కింగ్ స్టాండ్‌లోనే కనెక్ట్ అవ్వండి. సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. నేనూ బరంపురంవాణ్నే, వైశాఖ మాసంలో సాయంత్రం ఆరింటికి గాలివాన మొదలవగానే మీరు రాడార్ మీంచి ఎందుకు మాయమయ్యారో నాకు తెలుసు.