సంక్రాంతి నుంచి కార్తీకం దాకా: ఈటింగ్ డిజార్డర్ల మీద మనవాళ్ల అపోహలు

మన గోదారి జిల్లాల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు దొరికే పలకరింపు "చిక్కిపోయావేంటి?" లేదంటే "ఒళ్లు చేశావే!" మంచినీళ్లు ఆ తర్వాత. భీమవరంలో సైకాలజిస్టుగా నేను చూసేది ఈటింగ్ డిజార్డర్లు, అంటే తిండి చుట్టూ, ఒళ్లు చుట్టూ తిరిగే మనసు జబ్బులు ఉన్న పిల్లల్ని. వాళ్లకి ఏడాది పొడవునా తప్పనివి ఈ రెండు మాటలే. పండగ మారినప్పుడల్లా ఇబ్బంది కూడా మారుతుంది. నా గదిలో వినిపించే మాటల్నే పట్టుకుని రాస్తున్నాను. కిలోలు, కేలరీలు కావాలనే రాయలేదు. ఈ జబ్బున్నవాళ్ల కళ్లు ముందు వాటి మీదే పడతాయి.

అపోహ: "ఇది హైదరాబాదు పిల్లల జబ్బండీ, మన దగ్గరెక్కడ?"

మన దగ్గరా ఉంది, వేరే పేరుతో. "లావైపోతానని భయం" అని చెప్పకుండా "నాలుగు ముద్దలకే కడుపు ఉబ్బరం" అంటూ తిండి మానేసే అనొరెక్సియా (తిండి బాగా తగ్గించేసి ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బు) గురించి హాంకాంగ్ డాక్టర్లు 1990లలోనే రాశారు. మన దేశంలోనూ అలాంటివాళ్లు కనిపిస్తారు. అందుకే ఇంట్లోవాళ్లు ముందు గ్యాస్ డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఎండోస్కోపీ బాగానే ఉందంటారు. టానిక్కు వాడతారు, దిష్టి తీస్తారు. నా దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. మగపిల్లలైతే ఇంకా ఆలస్యం, వాళ్లది జిమ్ము పిచ్చి అనుకుంటారు కాబట్టి.

అపోహ: "మళ్లీ ఒళ్లొచ్చిందిగా, తగ్గిపోయినట్టే."

ముందు కోలుకునేది ఒళ్లు. మనసుకి ఇంకా టైము పడుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూసింది. తిండి యావ తప్ప వాళ్లకి ఇంకో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు. కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా కొందరికి నెలల తరబడి ఆకలి తీరలేదు. వాళ్లెవరికీ అంతకుముందు ఈ జబ్బు లేదు. పస్తు ఒక్కటే మనసుని అంతగా పట్టుకుంటే, జబ్బు కూడా తోడైనవాళ్ల సంగతి ఆలోచించండి.

బులీమియా అంటే పట్టు తప్పి అతిగా తినేయడం, ఆ తర్వాత వాంతితోనో పస్తుతోనో దాన్ని సరిచేసుకోవాలని చూడటం. అది ఉన్నవాళ్లలో ఎక్కువమంది చూడ్డానికి మామూలుగానే ఉంటారు. పదేపదే వాంతి చేసుకుంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, మన ఎండల్లో మరీను. వాంతైన వెంటనే పళ్లు తోమకండి, నీళ్లతో పుక్కిలించి ఊరుకోండి. యాసిడ్ తగిలిన పంటిని బ్రష్షు ఇంకా అరగదీస్తుంది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కోలుకుంటున్న ఒక డిగ్రీ అమ్మాయిని చూసి సంబరంగా "ఇప్పుడు కళగా ఉన్నావమ్మా" అన్నాను. తనకి అది "లావయ్యావు" అని వినిపించిందట. ఆ రోజు రెండు పూటలు మానేసింది.

అపోహ: "పండగపూట కూడా తినకపోతే ఎలా? కొసరి కొసరి పెడితే అదే తింటుంది."

కొత్తల్లుడికి వందరకాలు వడ్డించి, ఆ ఫోటో పేపర్లో వేయించుకునే ఊళ్లు మనవి. ఆ విస్తరి ముందు మా పిల్లలకి పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది. "మధ్యాహ్నం పెద్ద భోజనం ఉందిగా" అని పొద్దున్న టిఫిన్ మానేస్తారు. అసలు పట్టు తప్పేది అక్కడే. మాడిన కడుపుతో సాయంత్రం అరిసెల డబ్బా ముందు చెయ్యి ఆగదు. తర్వాత ఏడుపు, మర్నాడు పస్తు, కనుమ నాటికి మళ్లీ అదే డబ్బా. అందుకే భోగి నుంచి ముక్కనుమ దాకా ఎప్పటిలాగే వేళకి మూడు పూటలు, మధ్యలో రెండు చిరుతిళ్లు. గారెలున్నాయని ఇడ్లీ మానొద్దు.

"మరి తినమని అననే కూడదా?" అని తల్లులు అడుగుతారు. అనొచ్చు. టీనేజి పిల్లల అనొరెక్సియాకి మంచి ఫలితాలున్న వైద్యంలో మొదట్లో తిండి బాధ్యత తల్లిదండ్రులదే. కాకపోతే పక్కన కూర్చుని నెమ్మదిగా తినిపించే అమ్మ వేరు, చుట్టూ నిలబడి తలో గరిటా వేసే పన్నెండుమంది చుట్టాలు వేరు. ఎవరైనా ఒళ్లు గురించి ఎత్తగానే మాట కోడిపందాల మీదకి మళ్లించే బాధ్యత ముందే ఒక పిన్నికో బావకో అప్పజెప్పండి. ఒక మామ్మగారికి "చిక్కావే" బదులు "పరీక్షలెప్పుడే?" అనమని నేర్పడానికి మాకు రెండు పండగలు పట్టింది.

అపోహ: "పెళ్లిలోగా తగ్గాలి, జాకెట్టు పట్టట్లేదు."

జాకెట్టు కుట్లు విప్పించండి. టైలరు లోపల గుడ్డ వదిలేది అందుకే.

అపోహ: "ఉపవాసం ఒంటికి మంచిదే కదండీ."

అట్లతద్ది, కార్తీక సోమవారాలు, ఆ తర్వాత మాల. ఉపవాసం అంటే ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. జబ్బు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేను ఒకటే అడుగుతాను: "చంద్రుణ్ణి చూశాక అట్లు తినగలిగావా?" అట్లతద్ది నోములో తినడం కూడా ఉంది. అలాగే కార్తీక సోమవారం నక్షత్రం కనిపించాకా అమ్మాయి చెయ్యి పళ్లెం మీదకి రావడం లేదంటే అది భక్తి కాదు. ఒంట్లో బాగాలేనివాళ్లకి ఉపవాసం వద్దనడం మన పెద్దలకి తెలియనిదేం కాదు. ఈ ఏడాది దీపం పెట్టి, ప్రసాదం తిని ఊరుకోమంటాను. మాల వేసుకుంటానంటే గురుస్వామితో ముందే మాట్లాడమంటాను.

బాగా చిక్కి, రోజుల తరబడి సరిగా తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె మీదకి రావచ్చు. అలాంటివాళ్లకి ఆస్పత్రిలో రక్తపరీక్షలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతారు.

అపోహ: "మళ్లీ మొదలెట్టింది, ఇంక తగ్గదు."

కోలుకునేటప్పుడు తడబాట్లు మామూలే. నేనైతే ఆ నెలలో ఏం జరిగిందో అడుగుతాను. పెళ్లిచూపులా? సెమిస్టరా? గృహప్రవేశమా? రెండేళ్ల క్యాలెండరు ముందేసుకుంటే ఎక్కడెక్కడ జారారో వాళ్లకే కనిపిస్తుంది. వచ్చే ఏడాది ఆ నెలకి ముందే కౌన్సెలింగ్ రోజులు పెంచుకుంటాం. బులీమియాకి మాటల వైద్యంతో పాటు మందులూ ఉన్నాయి, అవి సైకియాట్రిస్టు రాస్తారు.

దగ్గర్లో సైకాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ లేకపోతే టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి. మానసిక ఇబ్బందుల కోసం 2022లో మొదలైన ప్రభుత్వ సర్వీసు, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, వాంతిలో రక్తం కనిపించినా మాత్రం ఫోన్లొద్దు, నా అపాయింట్‌మెంటూ వద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.